ప్రతిభా? సాధనా? ముందు గ్రౌండు ఎవరిదో చెప్పండి

ఫుట్‌బాల్ జట్టులోకి ఎవరిని తీసుకోవాలి? పుట్టుకతోనే ఆట వచ్చినవాడినా, రోజూ చెమటోడ్చి నేర్చుకున్నవాడినా? ఈ వాదన బళ్లలోనూ, హాస్టళ్లలోనూ, మన యువజన సంఘాల్లోనూ నడుస్తూనే ఉంది. ఆట కోసం ఇంత రాద్ధాంతం దేనికని పెద్దలు కొందరు అనుకోవచ్చు. కానీ జట్టంటే పదకొండు చొక్కాలు కాదు. మండలం దాటి జిల్లాకు, జిల్లా దాటి రాష్ట్రానికి ఆడితే సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితంతో స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటో, రైల్వేలోనో పోలీసులోనో నౌకరీయో దొరికే దారి ఉంది. కాబట్టి జట్టు ఎంపిక కూడా ఒక పంపకమే. పంపకం జరిగేచోట మన వాటా మనం అడగాల్సిందే.

"ప్రతిభ" అనే మాట మనకు కొత్తదేం కాదు. 1990లో మండల్ సిఫార్సులకు వ్యతిరేకంగా అగ్రవర్ణ విద్యార్థులు నడివీధిలో బూట్లు పాలిష్ చేశారు, చీపుర్లు పట్టి రోడ్లు ఊడ్చారు. రిజర్వేషన్లు వస్తే మెరిట్‌కు ఇదే గతి అన్నారు. మన తాతముత్తాతలు తరతరాలుగా చేసిన పనిని వాళ్లు ఒక్క పూట చేసి, అదే పెద్ద అవమానమని లోకానికి చూపించారు. ఆ మెరిటే ఇప్పుడు గ్రౌండులోకి దిగి "నేచురల్ టాలెంట్" అని పేరు మార్చుకుంది.

సెలక్షన్ రోజున ఏం జరుగుతుందో చూడండి. ఒక పిల్లగాడు రోజూ పాలు, గుడ్డు తిన్నాడు. కాళ్లకు బూట్లున్నాయి. ఎండాకాలం సెలవుల్లో పట్నం పోయి కోచింగ్ తీసుకున్నాడు. ఇంకొకడు చిరిగిన బంతితో బీడు భూమిలో ఉత్త కాళ్లతో ఆడాడు. ఇద్దరినీ పావుగంట పరిగెత్తించి, మొదటివాడిలో టాలెంట్ ఉందని రాసుకుంటారు. అది టాలెంటా, తిండా? ఒకే ఏడు పుట్టిన పిల్లల్లో కూడా ముందు నెలల్లో పుట్టినవాళ్లే చిన్న వయసు జట్లలో ఎక్కువగా ఉంటున్నారని చాలా దేశాల్లో లెక్కలు తీసి చూశారు. ఆరేడు నెలల పెద్దరికాన్నే కోచ్‌లు ప్రతిభ అనుకుంటున్నారన్నమాట.

"అయితే సాధననే కొలతగా పెడదాం, కష్టపడ్డవాడికే చోటు" అని మనవాళ్లే కొందరు అంటున్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ కష్టాన్ని కొలిచేది దేనితో? హాజరు పట్టీతో. పత్తి ఏరేటప్పుడు, మిరప కోసేటప్పుడు మన పిల్లలు తల్లిదండ్రుల వెంట కూలికి పోతారు. ఆడపిల్ల అయితే నీళ్లు మోయాలి, చంటిపిల్లను ఎత్తుకోవాలి. సాయంత్రం నాలుగింటి ప్రాక్టీసుకు ఎట్లా వస్తారు? నెలలో పది రోజులు రాకపోతే "శ్రద్ధ లేదు" అని పేరు కొట్టేస్తారు. పొద్దంతా పొలంలో వంగిన నడుము కష్టం ఆ పట్టీలో ఎక్కడా ఎక్కదు.

నిబంధన పేరుతో మనుషుల్ని బయటికి నెట్టడం ఒక్క మన దేశంలోనే లేదు. బ్రెజిల్‌లో 1923లో వాస్కో డ గామా క్లబ్బు నల్లవాళ్లతో, పేద తెల్లవాళ్లతో, కార్మికులతో రియో నగర చాంపియన్ అయింది. ఓడిన పెద్ద క్లబ్బులు మరుసటి ఏడే వేరే లీగు పెట్టుకుని, పన్నెండు మంది ఆటగాళ్లను తీసేస్తేనే వాస్కోను రానిస్తామన్నాయి. నల్లవాళ్లు వద్దని నోటితో అనలేదు. వాళ్లకు సరైన ఉద్యోగం ఉందా, చదువూ సంతకమూ వచ్చా అని ఆరా తీశారు. ఆ పన్నెండు మందిని వదులుకోం, మీ లీగే మాకొద్దని వాస్కో జవాబు రాసింది. 1958 ప్రపంచ కప్పు ముందు అదే బ్రెజిల్ జట్టు సైకాలజిస్టు పరీక్షలు పెట్టి, పదిహేడేళ్ల పెలేకి ఇంకా పసితనం పోలేదన్నాడు, వంకర కాళ్ల గరించా పనికిరాడన్నాడు. కోచ్ ఆ కాగితాన్ని పక్కనబెట్టి ఇద్దరినీ ఆడించాడు. కప్పు బ్రెజిల్‌కే వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదునే చూద్దాం. 1950 నుంచి 1963 దాకా భారత జట్టుకు కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. కుర్రాళ్లకు బలంలేని కాలుతోనే ఆడాలనే పోటీలు పెట్టి రెండు కాళ్లనూ తయారు చేయించేవాడు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాంను ఆయనే చేరదీశాడు. బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవాడితో తిరిగి కుట్టించుకుని ఆడానని బలరాం చెప్పుకున్నాడు. అమ్ముగూడ నుంచి వచ్చిపోవడానికి సైకిల్ అద్దె రహీమే ఇచ్చాడట. ఆ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం గెల్చిన జట్టులో ఉన్నాడు. బలరాంకు ప్రతిభ లేదా? ఉంది. సాధన లేదా? ఉంది. కానీ ఆ బూటు, ఆ సైకిల్ అద్దె లేకపోతే రెండూ అమ్ముగూడలోనే మట్టిలో కలిసేవి.

2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. కొండలెక్కడం వాళ్ల రక్తంలో లేదు. భువనగిరి గుట్ట మీద నేర్పారు, నేర్చుకున్నారు, ఎక్కారు.

రెండూ ఉన్నా కులం ఊరుకోదనేదీ మరిచిపోవద్దు. క్రికెట్‌లో పల్వంకర్ బాలూ అనే చమార్ బౌలర్ 1911లో ఇంగ్లండు పోయి నూటపద్నాలుగు వికెట్లు తీశాడు. అంతటివాడిని హిందూ జట్టుకు కెప్టెన్‌ను చేయడానికి మాత్రం వాళ్లకు మనసు రాలేదు. అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యేసరికి 1923 వచ్చింది.

అందుకే మేమనేది ఇది. ప్రతిభా సాధనా అని తగువు పడేముందు అందరికీ ఒకే గ్రౌండు, ఒకే బంతి, ఒకే గురువు దొరకాలి. ఆ తర్వాత ఆటను చూసి ఎంచండి, మేం కాదనం. గెలవడం మాకూ కావాలి.

సంఘాల కార్యకర్తలు తమ ఊళ్లో, తమ బడిలో ఈ మాటలు అడగాలి. సెలక్షన్ ఒక్క పూటలో ముగించొద్దు, కనీసం నెల రోజులు అందరికీ నేర్పి ఆ తర్వాత ఎంచాలి. మొదటి రోజు ఎట్లా ఆడాడు, చివరి రోజు ఎట్లా ఆడుతున్నాడు అనే తేడాకు కూడా మార్కులు వేయాలి. ప్రాక్టీసు వేళలు కూలి పనులు చూసి పెట్టాలి. బూట్లు, బంతులు బడి కొనాలి. ఎంచే కమిటీలో మన వాడల మనిషి ఉండాలి. ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎందుకు తీసుకోలేదో రాసి గోడకు అతికించాలి. ఆడపిల్లలకూ ఇవన్నీ వర్తించాలి.

జలంధర్‌లో ఫుట్‌బాళ్లు కుట్టి బతికేవాళ్లలో ఎక్కువమంది దళితులే. బంతి మనం కుట్టాలి, ఆట మాత్రం వాళ్లాడాలి అంటే ఇక కుదరదు.