జీడితోట మీద గొడ్డలి వేసే ముందు



మన ఏటికొప్పాక చుట్టుపక్కల మెట్టల్లో జీడిమామిడి తోటలు కొట్టేసి జామాయిల్, సరుగుడు వేద్దామనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. అడిగితే "పిక్కలకి రేటు లేదు, చెట్లు ముసలైపోయాయి" అంటున్నారు. రేటు మాట నిజమే. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా పిక్కలు కూడా వచ్చి పడుతున్నాయి, ఆ దెబ్బ మనకి తగులుతుంది. కాదనను.

కానీ మన తప్పు మనకి లేదా? నా సంగతే చెబుతాను. ఓ ఏడు ఇంట్లో అవసరం వచ్చి పూత మీదే డబ్బు తీసేసుకున్నాను. పిక్కలు రాలగానే పచ్చివే తూకం వేయించాను, తేమ పేరు చెప్పి తరుగు తీశారు. మరుసటేడు రాలినవే ఏరించి, రెండు మూడు రోజులు ఎండబెట్టి అమ్మితే ఆ మాట పడలేదు. చెట్టు అదే, మారింది నేను.

ముసలి చెట్టన్నా వెంటనే నరకక్కర్లేదు. మోడు కొట్టిస్తే చిగుళ్లొస్తాయి, వాటికి మంచి రకం అంటు కట్టుకోవచ్చు. కొత్తగా వేసేవాళ్ళకి బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 అంట్లు ఉన్నాయి, మూడో ఏటి నుంచి కాపు మొదలవుతుంది. అసలు శత్రువు మొదట్లో చేరే కాండం తొలిచే పురుగు. మొదలు దగ్గర పొట్టులాంటి పిప్పి, జిగురు కనపడితే ఆ రోజే తొలిచి పురుగుని తీసెయ్యండి. ఆకులు పసుపుపచ్చగా మారేదాకా ఆగితే చెట్టు దక్కదు.

ఈ చెట్టు మనది కాదు, బ్రెజిల్‌ది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. (మన పాత జీడి అంటే చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి. ఆ పేరే దీనికీ అంటుకుంది.) ఆ బ్రెజిల్‌లోనే అమెజాన్ అడవిలో ఇంకో పెద్ద గింజల చెట్టుంది, బ్రెజిల్ నట్ అంటారు. దాన్ని నరకకూడదని అక్కడ చట్టం. అయినా చుట్టూ అడవి కొట్టేసి ఆ ఒక్కచెట్టునీ వదిలేస్తే సరిగ్గా కాయదు, ఎందుకంటే దాని పువ్వు తెరిచే పెద్ద తేనెటీగలు అడవిలోనే బతుకుతాయి. మన జీడిపూతకీ ఈగలే దిక్కు. టీ దోమకని పూత విచ్చుకున్న వేళ కనపడిన మందల్లా కొట్టేవాళ్ళు ఇది కాస్త ఆలోచించండి.

మన ఊరి బొమ్మల సంగతి చూడండి. 2017లో ఏటికొప్పాక బొమ్మకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు దేశమంతా తెలిసింది. చేసేవాళ్ళకేమో అంకుడు కర్ర దొరకడమే కష్టమైపోతోంది. కొట్టుకున్నంత నాటలేదు మరి.

జామాయిల్ కర్ర అమ్మితే ఒక్కసారే పెద్ద మొత్తం వస్తుంది, ఒప్పుకుంటాను. మళ్ళీ కోతకి ఏళ్ళు పడుతుంది. జీడి ఏటా మార్చి నుంచి మే దాకా, చేతిలో డబ్బాడని రోజుల్లో ఎంతో కొంత ఇస్తుంది. నరకాలని బేరం కుదుర్చుకున్నవాళ్ళు కనీసం ఈ ఏటి పిక్కలు ఏరేదాకా ఆగండి. మోడు కొట్టించి చూద్దామనుకునేవాళ్ళు మా తోటకి రండి, నాలుగు చెట్లకి చేయించాను, చిగుళ్ళు ఎలా వచ్చాయో చూద్దురు గాని.