విగ్రహాలన్నీ రాజధానికేనా?

జిల్లా మ్యూజియంల ప్రస్తావన వస్తే చాలు, చదువుకున్నవాళ్లు కూడా ఒకే పాట పాడతారు. ‘అక్కడ చూసేవాడు లేడు, కాపాడేవాడు లేడు. ఉన్నవన్నీ హైదరాబాదుకో ఢిల్లీకో తరలిస్తే క్షేమంగా ఉంటాయి’ అని. పెద్ద మ్యూజియంలో వస్తువు పాడవదు, పోదు అన్న నమ్మకమే ఈ మాటకు పునాది. అది ఎంత ఉత్తదో మన అమరావతి రాళ్లను అడిగితే చెబుతాయి.

అక్కడి బౌద్ధ స్తూపం పలకల్లో కొన్ని 1859లో లండన్‌కు తరలాయి. బ్రిటిష్ మ్యూజియంలో చాలా ఏళ్లు నేలమాళిగలో పడి ఉన్నాక, వాటికంటూ ఒక గది 1992లో గానీ దొరకలేదు. మద్రాసు మ్యూజియానికి వెళ్లినవాటి గతి ఇంకా అన్యాయం. వాటిని గోడల్లోకి దించి సిమెంటుతో బిగించారు. ఆ పలకల సున్నపురాయి గోడలోని తేమను పీలుస్తుంది, తేమ వెంట ఉప్పు వస్తుంది. నీరు ఆరిపోయాక ఆ ఉప్పు రాతి లోపలే గడ్డకట్టి పైపొరను బయటికి తోస్తుంది. చెక్కిన ముక్కూ మొహమూ పొడిపొడిగా రాలతాయి. ఆ పని చేసింది ఏ పల్లెటూరి కాపలాదారో కాదు, దేశంలోకెల్లా పేరుమోసిన మ్యూజియంలలో ఒకటి.

పాత సంగతులంటారా? 2016లో ఢిల్లీ నడిబొడ్డున జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలి బూడిదైంది. 2018లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడితే మంటలార్పడానికి దగ్గర్లోని హైడ్రెంట్లలో నీళ్లు లేవు. అదే నెలలో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి దొంగలు వెంటిలేటర్ గుండా దిగి బంగారు టిఫిన్ బాక్సు ఎత్తుకెళ్లారు. అది దొరికింది, మన అదృష్టం. 2023లో సుమారు 2,000 వస్తువులు పోవడమో పాడవడమో జరిగిందని బ్రిటిష్ మ్యూజియమే ఒప్పుకుంది. వాటిలో చాలావాటికి పూర్తి నమోదు లేదు కనుక, పోయినవేవో తేల్చడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

జిల్లాల్లో అంతా సవ్యంగా ఉందని నేననను. వానకు తడిసే వీరగల్లులు, పచ్చటి పొడి రాలుతున్న కంచు విగ్రహాలు, విగ్రహం ఛాతీ మీదే ఎనామిల్ పెయింటుతో రాసిన నంబర్లు ఎవరు చూడలేదు? కానీ వీటి మందు లారీలో లేదు. నంబరు సంగతే తీసుకోండి. కంటికి ఆనని చోట పారలాయిడ్ అనే రెసిన్ సన్నగా పూసి, దాని మీద ఇంకుతో నంబరు రాసి, పైన మరో పూత వేస్తారు. అక్కర్లేనప్పుడు అసిటోన్‌తో తుడిచేస్తే రాతికి ఏమీ కాదు. రిజిస్టర్లో ఆ నంబరుకు ఎదురుగా ఫొటో, కొలతలు, దొరికిన ఊరు, ప్రస్తుత స్థితి. కంచుకు బిగుతైన అద్దాలపెట్టె, అందులో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె. వీటికి కోట్లు అక్కర్లేదు, నేర్పేవాడు కావాలి, ఏటా వచ్చి తనిఖీ చేసేవాడు కావాలి.

బ్రిటన్‌లో 1988లోనే మ్యూజియంల నమోదు పథకం మొదలైంది. ఊళ్లో స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే చిన్న మ్యూజియానికైనా, మహానగరపు మ్యూజియానికైనా కనీస ప్రమాణాలు ఒకటే. మనకేం తక్కువ? లక్నోలో జాతీయ పరిరక్షణ ప్రయోగశాల 1976 నుంచి ఉంది. సాలార్‌జంగ్‌లో సొంత ప్రయోగశాల ఉంది. ఆ నిపుణులు కొండాపూర్, పానగల్లు, రాజమండ్రి మ్యూజియంలకు వంతులవారీగా వెళ్లే ఏర్పాటు, రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకే నమూనా రిజిస్టరు ఉంటే సగం రోగం కుదురుతుంది. కానీ టచ్ స్క్రీన్లకూ లేజర్ షోలకూ దొరికే డబ్బు సిలికా జెల్‌కు దొరకదు. దానికి రిబ్బను కత్తిరించరు కదా!

ఉన్నచోటే కాపాడడం మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ నీళ్లు ముంచుకొస్తుంటే నాగార్జునకొండ కట్టడాలు కొన్నింటిని, దీవిగా మారబోతున్న కొండమీదికి చేర్చి తిరిగి నిలబెట్టారు. తవ్వకాల్లో దొరికినవాటికి అక్కడే మ్యూజియం కట్టారు. ‘ఈ దీవిలో ఎవరు చూస్తారు, ఢిల్లీకి పంపేద్దాం’ అని అప్పుడూ అనగలిగేవారు. అనలేదు కాబట్టే ఇవాళ మన పిల్లలు లాంచీ ఎక్కి వెళ్లి ఇక్ష్వాకుల శిల్పాన్ని ఆ కొండమీదే చూస్తున్నారు.

మీ జిల్లాలో మ్యూజియం ఉంటే వెళ్లండి. వస్తువులకు నంబర్లు ఉన్నాయా, జాబితా ఎప్పుడు సరిచూశారు అని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి.