ముందు ఊళ్లను దాటనివ్వండి

తెల్లవారుజామున వాడపల్లి వంతెన మీద రెండు రకాల బండ్లు ఎదురుపడతాయి. చెన్నై, తిరుపతి, నెల్లూరు నుంచి రాత్రంతా నడిచి హైదరాబాద్ చేరాలని ఆత్రపడే ట్రావెల్స్ బస్సులు, సరుకు లారీలు ఒక రకం. దామరచర్ల మండలంలోని పల్లెల నుంచి, తండాల నుంచి కృష్ణ దాటి పల్నాడు మిరప చేలకు కూలికి పోయే ఆడవాళ్ల ఆటోలు రెండో రకం. ముందు సీటులో డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు, వెనక ఒళ్లో ఒకరు, చద్ది మూటలు కాళ్ల దగ్గర. మొదటి రకం బండ్ల కోసమే ఈ రోడ్డును నాలుగు వరుసలు చేశారు. రెండో రకం బండి ఇదే దారిన పోతుందన్న సంగతి మాత్రం గీతలు గీసినవాళ్లకు తట్టలేదు.

2023 మే నెలలో వంతెనకు అవతల, పొందుగల దగ్గర అలాంటి ఆటో ఒకటి ప్రమాదంలో నుజ్జయింది. ఇరవై మందికి పైగా కూలీలు అందులో ఉన్నారు. నల్గొండ జిల్లా నుంచి గురజాల వైపు మిర్చి పనికి బయలుదేరిన వాళ్లలో కనీసం ఐదుగురు ఆడవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. రెండు రోజులు వార్తలు వచ్చాయి. సంతాపాలు, పరిహారం ప్రకటనలు వచ్చాయి. ఆటోలో అంతమందిని ఎందుకు ఎక్కించారని డ్రైవర్‌ను తిట్టారు. అంతమంది ఒకే ఆటోలో ఎందుకు ఎక్కవలసి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

ఆ ప్రశ్న అడగవలసిన రోడ్డు ఇది. అద్దంకి - నార్కట్‌పల్లి రహదారి పొడవు సుమారు 212 కిలోమీటర్లు. హైదరాబాద్ - విజయవాడ రహదారిని నార్కట్‌పల్లి దగ్గర వదిలి, నల్గొండ, తిప్పర్తి, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా కృష్ణ దాటుతుంది. దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, సంతమాగులూరు, అద్దంకి చూసుకుని మేదరమెట్ల దగ్గర చెన్నై దారిలో కలుస్తుంది. విజయవాడ, గుంటూరు రద్దీ తగలకుండా దక్షిణాదికి పోవాలంటే ఇదే దగ్గరి దోవ. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లోనే ప్రైవేటు భాగస్వామ్యంతో దీన్ని విస్తరించే పని మొదలుపెట్టారు. 2014 జూన్ 2 తర్వాత ఒకే రోడ్డుకు ఇద్దరు యజమానులయ్యారు. రోడ్డు మాత్రం అంతకుముందులాగే ఒకటే. వంతెన దిగేసరికి మారేది పోలీసు యూనిఫాం మీద బిళ్ల, 108 బండి మీద రాత, ఆర్టీసీ బస్సు మీద పేరు.

ఈ దారి పొడవునా ఉన్న బతుకు కూడా ఒకటే. నది ఉత్తరాన నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు, దక్షిణాన కుడి కాలువ నీళ్లు. మిర్యాలగూడ చుట్టూ వరి, అది ఆడే మిల్లులు. దాచేపల్లి నుంచి పిడుగురాళ్ల దాకా సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు, బట్టీలు. నరసరావుపేట వైపు పత్తి, మిరప. నది ఇవతల నాట్లు అయిపోయిన కూలీకి అవతల మిరప కోత దొరుకుతుంది. మిర్యాలగూడ మనిషికి పిడుగురాళ్లలో చుట్టరికం ఉంటుంది. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట స్నానానికి రెండు వైపులవాళ్లూ వస్తారు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదిలితే నరసరావుపేట చుట్టుపక్కల దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఇంత రాకపోకలున్న జనం మధ్యలోంచి వంద కిలోమీటర్ల వేగానికి సరిపడే తారు పరిచి, మధ్యలో డివైడర్ కట్టి, ఊళ్లను రెండు ముక్కలు చేశారు.

ఊరు ముక్కలు కావడం అంటే ఏమిటో రోడ్డు పక్క ఇల్లున్నవాళ్లను అడగాలి. ఇల్లు ఇటు, పొలం అటు. బడి ఇటు, ఎస్సీ కాలనీ అటు. పాడి గేదెలు రోజూ రెండుసార్లు దాటాలి. సక్రమంగా వెనక్కి తిరగాలంటే యూటర్న్ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. పెట్రోలు పోసుకునే స్తోమత ఉన్నా మోపెడ్ మీద ఎరువు బస్తా వేసుకున్న రైతు అంత దూరం పోయి తిరిగిరాడు. ఎదురుదారిలో వంద గజాలు నడిపి ఇల్లు చేరతాడు. లేదా ఊరివాళ్లంతా కలిసి డివైడర్ రాళ్లు నాలుగు లాగేసి మనిషి పట్టేంత సందు చేసుకుంటారు. మర్నాడు ఆ సందులోంచి బండి తిప్పుతూ ఎవరో చనిపోతే పోలీసు రికార్డులో కారణం రాంగ్ రూట్ అని పడుతుంది. రాంగ్ రూట్ తప్పే, కాదనడం లేదు. కానీ ఒక్కడు చేస్తే తప్పు అనుకోవచ్చు. ఊరు ఊరంతా రోజూ అదే పని చేస్తుంటే గీతలు గీసినచోటే పొరపాటు ఉందని ఒప్పుకోవాలి.

అజాగ్రత్త అనే మాటను మన వ్యవస్థ చాలా సౌకర్యంగా వాడుకుంటోంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోయారు. ఆ మరణాల్లో దాదాపు నాలుగో వంతు రాష్ట్ర రహదారుల మీదే జరిగాయి. దేశంలోని రోడ్ల మొత్తం పొడవులో ఈ రహదారుల వాటా చూస్తే చాలా చిన్నది. జాతీయ రహదారి మీద ఏం జరిగినా ఢిల్లీ దాకా లెక్క పోతుంది, పార్లమెంటులో ప్రశ్న పడుతుంది. పంచాయతీ రోడ్డు మీద వేగమే ఉండదు. ఈ రెంటి నడుమ ఉన్న రాష్ట్ర రహదారికి జాతీయ రహదారి వేగం వచ్చింది, దానికి తగిన రక్షణ రాలేదు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊళ్ల మధ్య వేగం పెంచినవాళ్లు ఈ లెక్క తెలియక పెంచారని అనుకోలేం.

చట్టం కూడా ఈ మాట ఒప్పుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198-ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేకపోవడం వల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా సంబంధిత అధికార సంస్థ, కాంట్రాక్టర్, కన్సల్టెంట్, నిర్వాహకుడు లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. మనిషి ప్రాణానికి లక్ష అంటే ఏ మూలకూ చాలదు. అయినా ఆ సెక్షన్‌లో డబ్బు కంటే విలువైన సంగతి ఒకటుంది, తప్పు రోడ్డుది కూడా కావచ్చునన్న ఒప్పుకోలు. ప్రతి మరణం తర్వాత డ్రైవర్ మీద కేసు కట్టడం ఎంత సహజమో, ఆ చోట రోడ్డు ప్రమాణాల ప్రకారం ఉందో లేదో ఇంజనీరు చేత రాయించి కేసు ఫైలులో పెట్టడమూ అంతే సహజం కావాలి. నల్గొండ, పల్నాడు జిల్లాల పోలీసు అధికారులు ఈ పని మొదలుపెట్టడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.

ఇక ఆటో సంగతి. మిర్చి కోత ఎండ ఎక్కకముందే మొదలుకావాలి. చేను ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ వేళకు, ఆ తండా ముందుకు ఏ బస్సూ రాదు. మేస్త్రి మాట్లాడిన ఆటో వస్తుంది. తల ఒక్కింటికి పడే కిరాయి కూలిలోంచే పోతుంది కాబట్టి ఎంత ఎక్కువ మంది ఎక్కితే అంత మిగులు. ఇందులో దాచిపెట్టడానికి ఏమీ లేదు. ఆ ఆటో రోజూ చెక్‌పోస్టు ముందు నుంచే పోతుంది.

రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అమలవుతోంది. మంచి పథకాలు, మేం మనస్ఫూర్తిగా సమర్థించాం. అయితే రెండూ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. దామరచర్ల నుంచి మిర్యాలగూడకు పోయే ఆవిడకు టికెట్ లేదు. అదే ఆవిడ కూలి కోసం కృష్ణ దాటితే పథకం ఆమెది కాదు. అందరికంటే ముందు ఆ పథకం అందవలసిన మనిషి ఆమే కదా! 2020 నవంబరులో రెండు ఆర్టీసీలు అంతర్రాష్ట్ర ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు ఒక్కొక్క సంస్థ పక్క రాష్ట్రంలో రోజుకు సుమారు 1.6 లక్షల కిలోమీటర్ల చొప్పున నడపాలని పట్టుబట్టి సరిసమానంగా పంచుకున్నాయి. లాభసాటి దారుల కోసం అంత పట్టుగా లెక్కలు వేయగలిగిన సంస్థలకు, జనవరి నుంచి మే దాకా తెల్లవారుజామున దామరచర్ల నుంచి దాచేపల్లి, గురజాల వైపు నాలుగు బస్సులు నడపడం పెద్ద పని కాదు. ఆ బస్సుల్లో కూలీలకు టికెట్ కొట్టకూడదు. ఖర్చు చెరిసగం.

అసలు తగాదా డబ్బు దగ్గర ఉంది కాబట్టి అక్కడికే వద్దాం. మాడుగులపల్లి దగ్గర, తుమ్మలచెరువు దగ్గర, ఏల్చూరు దగ్గర ఈ రోడ్డు మీద టోల్ గేట్లున్నాయి. కారు, బస్సు, లారీ ప్రతిదీ డబ్బు కడుతుంది. కట్టేది దాటిపోయే బండి, చచ్చేది దాటలేని ఊరు. ఆ డబ్బులో గ్రామాల వాటా ఎంత? మా పత్రిక అభిప్రాయం ఇది: ఈ రహదారి మీద వసూలయ్యే టోల్‌లో ఒక నిర్ణీత భాగాన్ని దారి పక్క ఊళ్లలో సర్వీసు రోడ్లకు, అండర్ పాసులకు, లైట్లకు, బస్సు ఆగే చోట్లకు విడిగా తీసిపెట్టాలి. ఆ పనులు పూర్తయ్యేదాకా టోల్ పెంచడానికి గాని, వసూలు గడువు పొడిగించడానికి గాని, రోడ్డును ఇంకా వెడల్పు చేయడానికి గాని ఏ ప్రతిపాదననూ రెండు ప్రభుత్వాలూ ముట్టుకోకూడదు.

ఒప్పందాలు ఒప్పుకోవంటారు. ఒప్పందం దేవుడు రాసింది కాదు. టోల్ సవరణ కావాలన్నప్పుడు, గడువు పెంచాలన్నప్పుడు ఒప్పందాలను తిరగరాయడం మన ప్రభుత్వాలకు బాగానే తెలుసు. ఇన్ని ఊళ్లకు అండర్ పాసులు కట్టడం సాధ్యమా అంటారు. అన్ని ఊళ్లకూ అక్కర్లేదు. బడి, ఆస్పత్రి, మార్కెట్ యార్డు, పొలాలకు పోయే డొంక దారి ఎక్కడున్నాయో అక్కడ కావాలి. మిగతాచోట్ల జనం నిజంగా దాటుతున్నచోటే దారి ఇచ్చి, ముందునుంచే వేగం తగ్గేలా రంబుల్ స్ట్రిప్పులు వేసి, వెలుతురు పెడితే చాలు. ఎక్కడ దాటుతున్నారో తెలుసుకోవడానికి సర్వే కంపెనీ కూడా అనవసరం. డివైడర్ రాళ్లు ఎక్కడ ఊడిపోయాయో చూస్తే ఊరు తన పటం తానే గీసి ఇచ్చినట్టు కనిపిస్తుంది.

వడ్లు రోడ్డు మీద ఆరబోస్తారని మరో ఫిర్యాదు. రాత్రి చీకట్లో వడ్ల కుప్ప చుట్టూ పేర్చిన రాళ్లను ఢీకొని బైకు మీద పోయేవాళ్లు పడిపోతున్నారన్నది నిజం. దాన్ని మేం సమర్థించం. కానీ తేమ శాతం ఒక్కటి ఎక్కువైతే ధర కోసే మార్కెట్లో, ఊళ్లో సిమెంటు కళ్లం లేని కౌలు రైతుకు కనిపించే ఒకే ఒక్క చదునైన నేల ఈ రోడ్డే. కోతల కాలంలో మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరతాయి. లైటు లేని, వెనక రేడియం స్టిక్కర్ లేని ట్రాలీలు రాత్రంతా రోడ్డు అంచునే ఉంటాయి. సున్నపురాయి లారీలూ అంతే. డ్రైవర్ పడుకోవడానికి చోటు లేకపోతే రోడ్డు పక్కనే ఆపుతాడు. 2024 జనవరిలో మిర్యాలగూడ దగ్గర లారీ, కారు ప్రమాదంలో ఐదుగురు చనిపోయినప్పుడు ఈ దారి మీద లారీల సంగతి మళ్లీ చర్చకు వచ్చింది, మళ్లీ సద్దుమణిగింది. మిర్యాలగూడ, పిడుగురాళ్ల రెండింటి దగ్గరా రోడ్డుకు దూరంగా లారీలు నిలిపే స్థలం, అందులో నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి. మిల్లులవాళ్లు, సిమెంటు, సున్నం వ్యాపారాలవాళ్లు ఇందులో తమ వాటా పెట్టుకోవాలి. ఈ రోడ్డు మీద అందరికంటే ఎక్కువ సంపాదించింది వాళ్లే.

దెబ్బ తగిలినవాడికి సరిహద్దు ఉండకూడదన్నది చివరి మాట కాదు, మొదట చెప్పవలసిన మాట. 2021 మేలో, కోవిడ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆంధ్రా వైపు నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దుల్లో ఆపారు. హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆ చేదు మళ్లీ రాకూడదంటే నదికి అటు ఇటు ఇరవై కిలోమీటర్ల మేర రెండు రాష్ట్రాల 108 బండ్లలో ఏది దగ్గరుంటే అది వచ్చేలా, ఏ ఆస్పత్రి దగ్గరైతే అక్కడికే తీసుకుపోయేలా ఒకే పిలుపు కేంద్రం ఉండాలి. ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల మేర నగదు రహిత వైద్యం ఇచ్చే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. దారి పక్క ఊళ్లలో ఆ పథకం పేరు తెలిసిన మనిషి ఎందరున్నారు? ప్రతి పంచాయతీ గోడ మీద దాని వివరం రాయించడానికి రంగు డబ్బా ఒకటి చాలు.

వచ్చే మిర్చి కోతలు జనవరిలో మొదలవుతాయి. అంతకు ముందే నల్గొండ, పల్నాడు కలెక్టర్లు, ఎస్పీలు, రెండు రాష్ట్రాల రోడ్లు భవనాల శాఖ ఇంజనీర్లు ఒక తెల్లవారుజామున వాడపల్లి వంతెన దగ్గర కలవాలి. కార్లు అక్కడే వదిలి, దామరచర్ల వైపు కొంత, దాచేపల్లి వైపు కొంత కాలినడకన వెళ్లాలి. వెంట సర్పంచులను, కూలి మేస్త్రీలను, ఆ ఆటోల్లో పోయే ఆడవాళ్లను తీసుకువెళ్లాలి. ఎక్కడ దాటడం కష్టమో వాళ్లు చెబితే అక్కడే సున్నంతో గుర్తు పెట్టి, ఏ గుర్తు దగ్గర ఏ పని ఏ తేదీలోగా పూర్తవుతుందో ఆ సాయంత్రమే రెండు భాషల ప్రకటనలు అక్కర్లేకుండా ఒకే తెలుగు కాగితం మీద సంతకాలు చేసి ఇవ్వాలి.