గోడమీది ముఖానికి పేరేమిటి?



కోకాపేట అనగానే మీకు ఆకాశాన్నంటే మేడలు గుర్తుకు వస్తాయి. 2023లో జరిగిన వేలంలో అక్కడ ఎకరా భూమి ధర 100 కోట్ల రూపాయలు దాటింది. కాని నిన్న మొన్నటి వరకు అది పొలాలున్న పల్లె. అటువంటి ఊళ్ళలో పాత ఇల్లు తీసివేసేటప్పుడు గోడమీది పటాలు కూడా కిందికి దిగుతాయి. తలపాగా చుట్టుకొని కుర్చీలో కూర్చున్న ఒకాయన, పక్కన నిలబడిన ఒకావిడ. "ఎవరు వీళ్ళు?" అంటే ఇంట్లో ఎవరికీ తెలియదు.

అప్పుడు మనం ముఖం చూసి ఊహిస్తాం. నవ్వడం లేదు కనుక కోపిష్టి. చిత్రంలో నల్లగా వున్నాడు కనుక నల్లనివాడు. మంచి కుర్చీలో కూర్చున్నాడు కనుక ధనవంతుడు. ఈ ఊహలు నిలుస్తాయా? పరిశీలిద్దాం.

1839లో ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైన తొలి రోజులలో ఒక చిత్రానికి నిమిషాల తరబడి కదలకుండా వుండవలసి వచ్చేది. తరువాత ఆ వ్యవధి క్షణాలకు తగ్గింది. అయినా కెమెరా ముందు గంభీరంగా వుండడమే మర్యాద అనే అలవాటు చాలాకాలం పోలేదు. అది కోపం కాదు.

ఇక రంగు. ఆనాటి గాజు పలకలకు పూసిన వెండి లవణాలు నీలికాంతికి బాగా స్పందించేవి. ఎరుపుకు దాదాపు స్పందించేవి కావు. అందువల్ల కుంకుమబొట్టు నల్లగా పడేది. శరీరఛాయ కూడా వున్నదానికంటె ముదురుగా కనిపించేది. కుర్చీ, పూలకుండీ, వెనుక బొమ్మలు గీసిన తెర తరచు స్టూడియోవే!

కాబట్టి ముఖం చూసి మనిషిని చెప్పలేము. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన చిత్రంలో వున్నది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ అని మనకెలా తెలుసు? పేరు నమోదై వుంది కనుక. సామాన్యులకు ఆ భాగ్యం లేదు. 1868–1875 మధ్య ఆంగ్ల ప్రభుత్వం 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అని 8 సంపుటాలు వెలువరించింది. అందులో చాలా చిత్రాల కింద మనిషి పేరు లేదు. కులం పేరో, తెగ పేరో మాత్రమే వుంది. మనిషిని సీసాలోని నమూనాగా చూడడమంటే ఇదే. ఇది అన్యాయమని నా అభిప్రాయం. పేరు అడగకుండా వదిలివేస్తే మన ఇంటివాళ్ళకు మనమూ అదే అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

"కథలు అల్లుకుంటే తప్పేమిటి?" అని మీరు అడగవచ్చు. తప్పు లేదు. కాని ఊహను ఊహ అనాలి, నిజం అనకూడదు. విజ్ఞానశాస్త్రం నేర్పే మొదటి పాఠం అదే.

ఈ ఆదివారం పాత ఫోటోలు ముందు పెట్టుకొని మీ నాయనమ్మ పక్కన కూర్చోండి. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడగండి. ఫోటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా రాయండి. తెలియకపోతే "తెలియదు" అనే రాయండి. మీ ఫోనులోని ఫోటోలకూ ఇదే పని చేయండి. పటం పదికాలాలు వుంటుంది. పేరు తెలిసిన నాయనమ్మ అంతకాలం వుండదు.