మైపాడు మట్టికి జవాబు చెప్పేదెవరు?

తెలంగాణ పత్రికకు మైపాడుతో ఏం పని అని కొందరు అడగవచ్చు. నెల్లూరు తీరంలో, ఇందుకూరుపేట మండలంలో ఉన్న ఊరది. మన కొట్లాట ఆంధ్ర పాలకులతోనే గానీ ఆంధ్ర రైతులతో కాదని ఉద్యమం నడిచినన్నాళ్లూ చెప్పాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినంత మాత్రాన ఆ మాట చెల్లిపోదు. పెన్నా డెల్టా రైతు గోస మనకూ పట్టాలి.

మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లా అది. అక్కడి తీర మండలాల్లోకి 1990ల మొదట్లో రొయ్యల చెరువులు ముంచుకొచ్చాయి. చెరువులోకి ఉప్పునీళ్లు తోడతారు. ఆ నీళ్లు గట్ల కిందుగా ఊరి పక్క చేనులోకి దిగుతాయి. ఎండాకాలం వచ్చేసరికి మట్టి మీద తెల్లని పొర తేలుతుంది. వరి మొలక ఎర్రబడి చస్తుంది. ఆ చేను రైతు రెండేళ్లు నష్టపోతాడు. మూడో ఏడు అదే చెరువు యజమానికి కౌలుకిస్తాడు. అప్పుడు అధికారులు ఏమంటారు? 'రైతులే ఇష్టపడి చెరువులు తవ్వించుకున్నారు' అంటారు. ముందు మట్టిని చంపి, తర్వాత సంతకం తీసుకుంటే అది ఇష్టమవుతుందా?

ఇది మన ఊహ కాదు, సుప్రీంకోర్టు దాకా పోయిన సంగతి. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదన్నారు. నష్టపరిచినవారే పరిహారం కట్టాలన్నారు. చెరువుల రాబడి కన్నా అవి చేసే నష్టమే ఎక్కువన్న నీరీ సంస్థ నివేదికను లెక్కలోకి తీసుకున్నారు. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిన ఉదంతం ఆ తీర్పులోనే ఉంది. ఆడవాళ్లు రోడ్డెక్కాకే ఆ ఊరికి ట్యాంకర్లు వచ్చాయి.

తర్వాత ఏమైంది? 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, తీర్పు బిగించిన ముడులను వదులు చేసింది. అనుమతి లేకుండా చెరువు నడిపితే మూడేళ్ల దాకా జైలని ఆ చట్టంలో ఉండేది. 2023 సవరణలో ఆ జైలు శిక్షనూ తీసేశారు. చిన్న రొయ్యల రైతు మీద మాకు కోపం లేదు. 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్‌తో అప్పుల పాలైంది ఎక్కువగా వాళ్లే. లాభం పైకి పోయింది, ఉప్పు కిందికి దిగింది.

మన ఇంటి సంగతీ చూద్దాం. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్ వంటివి మోతాదు మించాయని హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. ఆ ప్రాంత కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో పడిన కేసు, హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్ చేరి, తీర్పు వెలువడేసరికి 2017. అప్పటికి సొంత రాష్ట్రం వచ్చి మూడేళ్లు. జెండా మారినా నక్కవాగు వెంట పొలాలకు న్యాయం నడిచింది నత్తనడకే.

అసలు లోపం పరీక్షలోనే ఉంది. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు ఉప్పు శాతం తెలిపే విద్యుత్ వాహకత కూడా ఉంది. కానీ ఆర్సెనిక్, క్రోమియం లేవు, చెరువుల్లో వాడే మందుల అవశేషాలూ లేవు. ఉన్న ఆ ఒక్క వాహకత అంకె కూడా, చెరువు తవ్వక ముందు ఎంతుందో రాసి ఉంచకపోతే కోర్టులో నిలబడదు. 'నీ పొలం మొదటి నుంచీ చౌడే' అని రైతు నోరు మూయిస్తారు.

అందుకే మా డిమాండ్లు ఇవి. చెరువుకు గానీ ఫ్యాక్టరీకి గానీ అనుమతి ఇచ్చే ముందు చుట్టుపక్కల పొలాల మట్టి తీసి పరీక్షించాలి. ఏటా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మళ్లీ తీయాలి. ఫలితం తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. మట్టి చెడితే, తమ వల్ల చెడలేదని నిరూపించుకునే భారం యజమానిదే కావాలి.

విద్యార్థులు తమ కాలేజీ ల్యాబుల్లో ఊరి మట్టిని పరీక్షించవచ్చు. వ్యవసాయ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి ఉద్యోగులు ఫైళ్లలో మగ్గుతున్న నివేదికలను రైతు చేతికి చేర్చవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం అందరి చేతిలోనూ ఉంది. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన మనం ఆ వరుసలో నేలను మరిచాం. మైపాడులోనైనా, పటాన్‌చెరులోనైనా నేల పోయిన రైతుకు ఏ రాష్ట్రం వస్తే ఏమి లాభం?