వ్యవసాయ విద్యలో కృత్రిమ మేధ: జవాబు కంటే ముందు పరిశీలన

హైదరాబాదు పడమటి అంచున హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో. అదే సంవత్సరం గచ్చిబౌలిలో ఐఐఐటీ హైదరాబాదు నెలకొన్నది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం అంతకు మూడు దశాబ్దాలకు పైగా ముందే, 1964లో ఆవిర్భవించింది. చాలాకాలం ఈ రెండు ప్రాంతాల విద్య వేర్వేరు దారులలోనే సాగింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ అందుబాటులోకి వచ్చిన తరువాత ఆ ఎడం దాదాపు చెరిగిపోయింది. నేడు వ్యవసాయ విద్యార్థి చేతిలోని ఫోను అసైన్‌మెంటు రాస్తుంది, ప్రయోగ నివేదికకు చర్చాంశం సమకూరుస్తుంది, ఫోటో చూపిస్తే తెగులు పేరు కూడా చెబుతుంది.

ఈ పరిణామంపై అధ్యాపకులలో రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. కృత్రిమ మేధను పూర్తిగా నిషేధించాలన్నది ఒకటి. పరిశ్రమ కోరుతున్నది కనుక అడ్డు లేకుండా అనుమతించాలన్నది మరొకటి. ఈ రెండూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయి. వ్యవసాయ పట్టభద్రునికి ఉండవలసిన ప్రధాన నైపుణ్యం ఏది? దానిని ఈ సాధనం పెంచుతున్నదా, తగ్గిస్తున్నదా?

పసుపు రంగు ఒక్కటే, కారణాలు అనేకం

వరి పైరు పసుపు రంగుకు మారడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. నత్రజని లోపమైతే ముందుగా ముదురు ఆకులు పాలిపోతాయి. ఇనుము, గంధకం లోపాలైతే లేత ఆకులలో మొదలవుతుంది. నాటిన రెండు నుంచి నాలుగు వారాలకు కింది ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనబడి, పైరు గిడసబారితే జింకు ధాతు లోపాన్ని అనుమానించాలి. మురుగునీరు పోక వేర్లు దెబ్బతిన్నా పైరు పసుపుబారుతుంది. పొలంలో దిగి ఏ ఆకు ముందు మారిందో చూసి, వేరు పీకి పరిశీలించి, దమ్ములో ఏమి వేశారో రైతును అడిగినవారికే ఈ తేడా తెలుస్తుంది.

విద్యార్థి ఇవేవీ గమనించకుండా “వరి పసుపు రంగుకు మారింది, ఏమి చేయాలి?” అని మాత్రమే అడిగితే యంత్రం తరచుగా ఎదురయ్యే కారణాన్నే ముందుకు తెస్తుంది. ఆ సమాధానాన్ని నమ్మి జింకు లోపమున్న పొలంలో యూరియా చల్లిస్తే లోపం తీరదు. రైతుకు ఖర్చు మిగులుతుంది, అధిక నత్రజని వల్ల సుడిదోమ ఉద్ధృతికి కూడా దారి ఏర్పడుతుంది. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి సకాలంలో పిచికారీ చేయిస్తే తీరే సమస్య కాస్తా దిగుబడి నష్టంగా మారుతుంది. తరగతి గదిలో తప్పు జవాబుకు మార్కులు తగ్గుతాయి. పొలంలో తప్పు సలహాకు రైతు మూల్యం చెల్లిస్తాడు. వ్యవసాయ విద్యలో కృత్రిమ మేధ చర్చను ఇతర విద్యల చర్చ నుంచి వేరు చేసే అంశం ఇదే.

కొత్త సమస్యల విషయంలో ఈ పరిమితి మరింత స్పష్టమవుతుంది. 2021–22లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిరప తోటలను నల్ల తామర పురుగులు తీవ్రంగా దెబ్బతీశాయి. అప్పటివరకు రైతులకు, విద్యార్థులకు తెలిసిన తామర పురుగు ఆకులను ఆశించి పై ముడతను కలిగించేది. కొత్త పురుగు గుంపులుగా పూలలో చేరి పూతను రాల్చింది. అంతవరకు నమోదైన సమాచారంతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రానికి ఈ తేడా అప్పటికి తెలిసే అవకాశం లేదు. తోటలో పూవును విప్పి చూసిన కన్నే దానిని ముందు పట్టుకోగలదు. ఆ కన్నును తయారుచేయడమే వ్యవసాయ విద్య పని.

ఈ-సాగు నేర్పిన పాఠం

కృత్రిమ మేధకు స్థానం లేదని దీని అర్థం కాదు. ఐఐఐటీ హైదరాబాదు 2004లో ప్రారంభించిన ‘ఈ-సాగు’ ఈ విషయంలో మార్గదర్శకం. వరంగల్ జిల్లాలోని మూడు గ్రామాలలో వేయికి పైగా పత్తి క్షేత్రాలను ఈ పద్ధతిలో తొలుత గమనించారు. అనుభవమున్న స్థానిక సమన్వయకర్తలు పొలానికి వెళ్లి పైరు ఫోటోలు, వివరాలు సేకరించేవారు. ఇంటర్నెట్ వేగం చాలని ఆ రోజులలో వాటిని సీడీలలో నింపి కొరియరు ద్వారా హైదరాబాదుకు పంపేవారు. వ్యవసాయ నిపుణులు వాటిని పరిశీలించి ఒక్కొక్క క్షేత్రానికి విడివిడిగా సలహా ఇచ్చేవారు. రైతు అడిగే వరకు వేచి ఉండకుండా సలహా వెళ్లడం దాని ప్రత్యేకత.

ఆ వ్యవస్థలో సాంకేతికత దూరాన్ని తగ్గించింది గాని, పొలంలో చూసే మనిషిని గాని, నిర్ణయించే నిపుణుని గాని తొలగించలేదు. నేటి సాధనాలు ఎంతో శక్తిమంతమైనవి. అయినా ఆ క్రమం మారవలసిన అవసరం లేదు.

చేయదగినవి

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం, అంటే రావెప్, ఈ మార్పుకు సరైన వేదిక. విద్యార్థి గ్రామంలో ఉండి రైతుతో కలిసి పనిచేసే కాలమిది. సమస్య ఎదురైనప్పుడు ముందుగా రకం, విత్తిన తేదీ, నేల స్వభావం, వేసిన ఎరువులు, లక్షణం మొదలైన ఆకు వంటి వివరాలను క్షేత్ర పుస్తకంలో స్వయంగా రాయాలి. తన నిర్ధారణను, దానికి కారణాన్ని కూడా నమోదు చేయాలి. ఆ తరువాతనే కృత్రిమ మేధను సంప్రదించాలి. రెండింటికీ తేడా వస్తే మట్టి లేదా ఆకు పరీక్ష ద్వారా, లేదా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త ద్వారా సరిచూసుకోవాలి. రైతుకు సలహా ఆ తరువాతే వెళ్లాలి.

మూల్యాంకనం కూడా మారాలి. ఇంటి నుంచి రాసి తెచ్చే సాధారణ వ్యాసాలకు ఇక అంత విలువ ఉండదు. పొలం గట్టు మీద మౌఖిక పరీక్ష, అడిగిన ప్రశ్న నాణ్యత, జవాబును సరిచూసిన తీరు — వీటికి మార్కులు కేటాయించాలి.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన గ్రామీణ విద్యార్థులకు ఈ సాధనాలు నిజమైన మేలు చేయగలవని కూడా గుర్తించాలి. ఆంగ్ల గ్రంథంలోని కఠినమైన భావాన్ని తెలుగులో వివరించమని జంకు లేకుండా ఎన్నిసార్లయినా అడగవచ్చు. నిషేధం వల్ల ముందుగా నష్టపోయేది వీరే.

చివరగా, విద్యార్థులు ఈ సాధనాలకు వినియోగదారులుగానే మిగిలిపోనక్కరలేదు. ఏటా రావెప్‌లో సేకరించే ఫోటోలను శాస్త్రవేత్తలు ధ్రువీకరించిన నిర్ధారణతో, తెలుగు పేర్లతో భద్రపరిస్తే కొద్ది సంవత్సరాలలోనే ఈ నేలకు చెందిన విలువైన సమాచార నిధి ఏర్పడుతుంది. గచ్చిబౌలి వద్ద గణన సామర్థ్యం ఉన్నది. రాజేంద్రనగర్ వద్ద పంటను చదవగల జ్ఞానం ఉన్నది. రెండవది లేకుండా మొదటిది రైతుకు ఉపయోగపడదు. విద్యార్థి కన్ను పొలం మీద నుంచి పూర్తిగా తెర మీదకు మళ్లకముందే విశ్వవిద్యాలయాలు ఈ క్రమాన్ని పాఠ్యప్రణాళికలో స్థిరపరచడం అవసరం.