ఉపాధి కల్పన: ఎవరి కల్పన?

తెలుగు పత్రికలకి ఒక ఇష్టమైన మాట ఉంది: ఉద్వాసన. ఫ్యాక్టరీ మూతపడితే 'వందలాది కార్మికులకు ఉద్వాసన' అని శీర్షిక పెడతారు. పూజ ముగిశాక దేవుణ్ని సాగనంపే తంతు పేరది. అదే వార్తకి ఉర్దూ పత్రికల్లో 'తఖ్‌ఫీఫ్' అని రాస్తారు. అంటే తగ్గించడం, బరువు తేలిక చేసుకోవడం. ఒక భాష మమ్మల్ని దేవుళ్లలా సాగనంపుతుంది. ఇంకో భాష మూటలా దించుకుంటుంది. ఆ మనిషి ఆ తర్వాత ఎక్కడికి పోయాడు, ఏం తిన్నాడు అన్న వార్తకి మాత్రం రెండు భాషల్లోనూ జాగా దొరకదు. రెండింటిలోనూ రాసి బతుకుతున్న మాలాంటి వాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

సర్కారు దగ్గర మూడో మాట ఉంది: ఉపాధి కల్పన. కల్పన అంటే సృష్టించడం. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి చెప్పడం కూడా కల్పనే. ఆఫీసు బోర్డు మీద ఆ మాట ఏ అర్థంలో రాశారోగాని, పని పోయిన కార్మికుడికి దక్కింది రెండో అర్థమే.

మేం ఇక్కడ మాట్లాడుతున్నది డిగ్రీ చేతబట్టుకున్న నిరుద్యోగ యువకుల గురించి కాదు. వాళ్ల గురించి మాట్లాడ్డానికి అన్ని పార్టీలూ ఉన్నాయి. ఇరవై ఏళ్లు, పాతికేళ్లు పనిచేసి, నలభై అయిదో ఏట గేటు బయట నిలబడ్డ వాళ్ల గురించి మాట్లాడుతున్నాం. వాళ్లలో మావాళ్లెందుకు అంతమంది ఉన్నారో, ఉండీ ఎందుకు కనబడరో అడుగుతున్నాం.

మిల్లు అంటే మాకేమిటో ముందు చెప్పాలి. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యంలో మావాళ్ల సర్కారు కొలువులు ఎట్లా పోయాయో, పాలనలోంచి ఉర్దూ ఎట్లా తప్పుకుందో అందరికీ తెలిసిన చరిత్రే. దఫ్తర్లు పోయినా కార్ఖానాలు మిగిలాయి. 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహీ మిల్లు, 1930ల్లోనే వచ్చిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, 1942లో పుట్టిన ఆల్విన్, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ మిల్లు... అవేవీ జన్నత్‌లు కావు. నూలు దుమ్ములో ఊపిరితిత్తులు పోయేవి. కానీ గేటు దగ్గర కార్మికుడికి ఒక నంబరు ఉండేది. మస్టర్‌లో ఆ నంబరుకే హాజరు, ఆ నంబరుకే జీతం. యాదగిరి నంబరు పక్కనే యూసుఫ్ నంబరు. ఈద్‌కి అడ్వాన్సు, దసరాకి బోనసు.

మిల్లు పోయాక నంబరు పోయింది, పేరు మిగిలింది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆల్విన్ 1990ల్లో ముక్కలైంది. ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. నిజాం షుగర్స్ అదే 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 చివరికి తాళం వేసుకుంది. పోయిన ప్రతిచోటా కార్మికుడి ముందుకి ఒక కాగితం వచ్చింది: స్వచ్ఛంద పదవీ విరమణ. ఎంత అందమైన మాట! మిషన్లు ఆపేసి, నెలల తరబడి జీతాలు బకాయి పెట్టి, 'సంతకం పెడితే ఇంత వస్తుంది, పెట్టకపోతే అదీ రాదు' అని చెప్పి పెట్టించుకున్న సంతకం స్వచ్ఛందం అట!

ఈ ఒక్క సంతకం ఏం చేసిందో చూడండి. పారిశ్రామిక వివాదాల చట్టంలో రిట్రెంచ్‌మెంట్‌కి ఇచ్చిన నిర్వచనంలోంచి స్వచ్ఛంద విరమణని విడిగా తీసేశారు. అంటే చట్టం లెక్కలో అతణ్ని ఎవరూ తీసెయ్యలేదు, తనే పోయాడు. పని పోయిన కార్మికులకి నిరుద్యోగ భృతి అంటూ ఈఎస్ఐ 2005లో ఒక పథకం పెట్టింది. 2018లో తొంభై రోజుల భృతితో ఇంకొకటి పెట్టింది. రెండూ స్వచ్ఛంద విరమణ చేసినవాడికి వర్తించవు. తీసేసిన రోజు కాగితం మీద అతను స్వచ్ఛందంగా పోయినవాడు. సాయం అడిగిన రోజు కూడా స్వచ్ఛందంగా పోయినవాడే. బాధ్యత తప్పించుకోవడానికి సర్కారుకి ఇంతకన్నా మంచి మాట ఏ భాషలో దొరుకుతుంది?

నిధులు లేవా అంటే, ఉన్నాయి. సరళీకరణ మొదలైన మరుసటి ఏడే, 1992లో, జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. సంస్కరణల వల్ల పని పోయినవాళ్లకి కొత్త పని నేర్పించి, మళ్లీ ఉద్యోగంలో నిలబెడతామని పార్లమెంటు సాక్షిగా చెప్పారు. ఆ నిధిలో అత్యధిక భాగం మళ్లీ నిలబెట్టడానికి కాదు, స్వచ్ఛంద విరమణ పేరుతో బయటికి పంపడానికే ఖర్చయింది. 2000లో నిధినే ఎత్తేశారు. తర్వాత కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల కార్మికుల కోసం కౌన్సెలింగ్, పునఃశిక్షణ, పునర్నియామకం అంటూ ఇంకో పథకం వచ్చింది. వరసలో మొదటిది కౌన్సెలింగ్! జబ్బు ఫ్యాక్టరీకి, మందు కార్మికుడి మనసుకి. పాతికేళ్లు స్పిన్నింగ్ ఖాతాలో పనిచేసినవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆత్మవిశ్వాసం పెంచుకోమని చెప్పి, కొన్ని వారాలు ఏదో ఒక పని నేర్పి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపడం. ఆ సర్టిఫికెట్ చూసి పనిచ్చేవాడెవడో మాత్రం ఆ పథకంలో రాసి ఉండదు.

ఇక ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి. తెలుగునాట ఆ పసుపుపచ్చబడ్డ కార్డు లేని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ, సీనియారిటీ పెరుగుతుందని మురుసుకుంటూ తరాలు గడిచాయి. మరి నలభై అయిదేళ్ల కార్మికుడు పోయి పేరు రాయించుకుంటే? అతని సీనియారిటీ ఆ రోజు నుంచే మొదలు! పాతికేళ్ల సర్వీసు సున్నా అయిపోతుంది. చదువు కాలమ్‌లో 'ఏడు, ఉర్దూ మీడియం' అని రాస్తే, పక్క కాలమ్‌లో 'నైపుణ్యం లేదు' అని రాస్తారు. మిషను చప్పుడు విని ఏ బేరింగ్ అరిగిందో చెప్పగలిగే మనిషికి నైపుణ్యం లేదు. ఎందుకంటే ఆ చెవికి సర్టిఫికెట్ లేదు.

ఆ ఆఫీసు ఉద్యోగుల మీద మాకు కోపం లేదు. వాళ్ల చేతుల్లో ఏముంది గనక! 1959 చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలూ, పాతికమంది గానీ అంతకుమించి గానీ పనిచేసే ప్రైవేటు సంస్థలూ ఖాళీల వివరాలు తెలియజేయాల్సి ఉండేది. తెలియజేస్తే చాలు, ఆ ఆఫీసు పంపినవాళ్లనే తీసుకోవాలన్న నిర్బంధం లేదని అదే చట్టం స్పష్టంగా చెప్పింది. తెలియజేయకపోతే శిక్ష ఏముండేదో తెలుసా? మొదటిసారి అయిదు వందల రూపాయలకి మించని జరిమానా, ఆ తర్వాత వెయ్యికి మించనిది. చట్టం అంటే భయం ఉండాలంటారు. ఈ చట్టం అంటే ఏ యజమానికైనా నవ్వొచ్చేది.

1996లో కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసులో, ఎక్స్చేంజి పంపిన పేర్లకే పరిమితం కాకుండా పత్రికల్లో ప్రకటన ఇచ్చి అందర్నీ పిలవాలని సుప్రీంకోర్టు చెప్పింది. తలుపు అందరికీ తెరవడం న్యాయమే, మేం కాదనం. కానీ అంతకుముందే ఒక కాలు విరిగిన ఆఫీసుకి ఇంకో కాలు కూడా పోయింది. దాని స్థానంలో ఏం కట్టారు? 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పేరుతో ఒక పోర్టల్ కట్టారు. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చి, ఎక్స్చేంజికి 'కెరీర్ సెంటర్' అని కొత్త పేరు పెట్టారు. బోర్డు మారింది. యజమాని మీద నిర్బంధం మాత్రం ఇప్పుడూ లేదు. ఫ్యాక్టరీ మూయడానికి సర్కారు అనుమతి అక్కర్లేని పరిమితి వందమంది కార్మికుల నుంచి మూడు వందలకి పెరిగింది. పని పోయినవాడికి కొత్త విద్య నేర్చుకొమ్మని పదిహేను రోజుల జీతం ఇస్తారట! ఒక జీవితకాలం నేర్చిన పనిని మర్చిపోయి ఇంకోటి నేర్చుకోవడానికి పదిహేను రోజులు!

ఇంతవరకూ చెప్పింది యాదగిరికీ యూసుఫ్‌కీ ఇద్దరికీ సంబంధించిందే. లౌకికవాద మిత్రులు ఇక్కడ ఆగిపోతారు. 'కార్మికుడికి మతమేమిటి' అంటారు. మాకూ అదే కోరిక. మిల్లు లోపల అది కొంతవరకు నిజం కూడా. కానీ బయట? 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండొంతులకి, ముస్లిం పేరుకి మూడో వంతుకి పడిపోయింది. అవి చదువుకున్న వాళ్ల దరఖాస్తులు! సర్కారు మా యూసుఫ్ పేరుని ఏ ప్రైవేటు గుమ్మానికి పంపుతోందో, ఆ గుమ్మం పేరు చూసే మూసుకుంటోంది. సర్కారు రంగం మాటకొస్తే, జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు రైల్వేల్లో 4.5 శాతమే ఉన్నారని సచార్ కమిటీ 2006లోనే లెక్క తేల్చింది.

అప్పుడు మాకొక సలహా ఇస్తారు: స్వయం ఉపాధి. మీవాళ్లు చేతిపనిలో దిట్టలు కదా, పంక్చర్ షాపు పెట్టుకోండి, ఆటో నడుపుకోండి, మైనారిటీ కార్పొరేషన్‌లో లోను తీసుకోండి. ఎంత ప్రేమ! సబ్సిడీ కార్పొరేషన్‌ది, అప్పు బ్యాంకుది. కాగితం పట్టుకుని బ్యాంకుకి పోతే మా గల్లీ పేరు అడ్డం వస్తుంది. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్ని కొన్ని బ్యాంకులు 'నెగటివ్ జోన్'లుగా పక్కన పెడుతున్నాయని రాసింది కూడా ఆ సచార్ నివేదికే. ఒక ఆఫీసులో చదువు లేదంటారు, ఇంకో ఆఫీసులో గల్లీ మంచిది కాదంటారు. చివరికి 'వీళ్లు ప్రధాన స్రవంతిలో కలవరు' అని సంపాదకీయం రాస్తారు. స్రవంతికి కట్ట వేసింది ఎవరు?

మా పెద్దమనుషులతో కూడా మాకు తగువుంది. మజీదు జాగా మీద చెయ్యిపడితే రోడ్డెక్కేవాళ్లు మిల్లు జాగా అమ్ముకుంటుంటే ఎక్కడున్నారు? 2007లో బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. మేం దాన్ని సమర్థించాం, ఇప్పుడూ సమర్థిస్తున్నాం. కానీ నౌకరీ నోటిఫికేషన్‌లో వయసు పరిమితి దాటిపోయిన కార్మికుడికి ఆ నాలుగు శాతంలో పైసా వాటా లేదు. అతని గురించి ఏ జల్సాలోనూ ఒక తీర్మానం వినలేదు. యూనియన్ నాయకులు అతణ్ని ముస్లింగా చూడలేదు, ముస్లిం నాయకులు అతణ్ని కార్మికుడిగా చూడలేదు. ఇద్దరి కళ్లకీ సగం సగం కనబడి, చివరికి ఎవరికీ కనబడకుండా పోయాడు.

అతనికన్నా కనబడని మనిషి అతని ఇంట్లోనే ఉంది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో గడప దాటకుండా బీడీలు చుట్టే మా అక్కచెల్లెళ్లు. ఆకు ఇస్తే పని, ఇవ్వకపోతే లేదు. వారానికి ఆరు రోజుల పని మూడు రోజులకి తగ్గితే దాన్ని లే-ఆఫ్ అనరు. అసలే ఇవ్వడం మానేస్తే రిట్రెంచ్‌మెంట్ అనరు. పీఎఫ్ నంబరు లేనామెని ఎవరు తీసేసినట్టు? ఎప్పుడు తీసేసినట్టు? పని ఉన్నట్టు కాగితం లేదు కాబట్టి పని పోయినట్టూ కాగితం లేదు. ఏ కెరీర్ సెంటర్ గుమ్మం ముందూ ఆమె నిలబడదు, ఎందుకంటే తనని తాను నిరుద్యోగి అనుకునే హక్కు కూడా ఆమెకి ఎవరూ ఇవ్వలేదు.

మేం ఖైరాత్ అడగడం లేదు. స్వచ్ఛంద విరమణ అని రాయించుకున్న ప్రతి సంతకాన్నీ తొలగింపు కిందే లెక్కగట్టమంటున్నాం. గేటుకి తాళం పడకముందే, ఆ గేటు లోపలే, ఆ మిషన్ల మీదే కార్మికుడి పనితనం పరీక్షించి, తెలుగులోనూ ఉర్దూలోనూ సర్టిఫికెట్ ఇమ్మంటున్నాం. చేసిన సర్వీసు ఎన్నేళ్లో అన్నేళ్లు వయసు పరిమితి సడలించమంటున్నాం. ఖాళీలు తెలియజేసిన ప్రతి సంస్థా ఎవర్ని పిలిచిందో, ఎవర్ని తీసుకుందో కూడా తెలియజేయాలంటున్నాం. దళితుడెందరు, ఆదివాసీ ఎందరు, ముస్లిం ఎందరు, ఆడవాళ్లెందరు, లెక్క బయట పెట్టమంటున్నాం. ఇంట్లో కూర్చుని చేసే పనినీ పని అని రాసుకొమ్మంటున్నాం.

ఇవి యాదగిరికీ అక్కరకొచ్చేవే. మా పేరుతో మేం అడిగినంత మాత్రాన అవి మతం డిమాండ్లు అయిపోవు. మిల్లు ఉన్నన్నాళ్లూ నంబరుగా ఉన్నాం, మాట్లాడలేదు. ఇప్పుడు పేరు చూసి తలుపు వేస్తున్నారు కాబట్టి, ఆ పేరుతోనే తలుపు కొడుతున్నాం. తీసేటప్పుడు మా సంతకం కోసం ఇంటికి మనిషిని పంపగలిగిన సర్కారు, పని ఇచ్చేటప్పుడు మా అడ్రసు దొరకలేదంటే మేం నమ్మం.